గిన్నెడు జాతీయాదాయం

ఓలేటి కూర్మారావు పనిచేసే శాఖకి ఉన్నది ఒక్కటే పని. మన దేశపు స్థూల జాతీయాదాయం ఎంత, వాళ్ళ దేశపు స్థూల జాతీయాదాయం ఎంత, రెంటికీ తేడా ఎంత, ఆ తేడా నిరుటికన్నా పెరిగిందా తరిగిందా అని చూసి చెప్పడం. ‘వాళ్ళు’ అంటే ఎవరని అడక్కూడదు. ఫైళ్ళలో ఆ దేశం పేరు ఎక్కడా రాయరు, ‘పోలిక దేశం’ అంటారు. వెనకటి రోజుల్లో ఇల్లాలు మొగుడి పేరు చెప్పనట్టే, ఆ శాఖలో తలపండిన వాళ్ళెవరూ ఆ పేరు నోటితో అనరు.

ఆఫీసు గోడకి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక పటం ఉండేది. అందులో పచ్చగీత మనది, ఎర్రగీత వాళ్ళది. చాలా ఏళ్ళు ఆ గీతలు రెండూ జోడెడ్లలా పక్కపక్కనే నడిచాయి. మనది ఒక వెంట్రుకవాసి పైన ఉండేది. ఆ వెంట్రుకవాసిని పట్టుకుని శాఖ అంతా సుఖంగా వేలాడింది. జీతాలు, ప్రయాణ భత్యాలు, ఆగస్టు పదిహేనుకి జిలేబీలు, అన్నీ దాని పుణ్యమే.

ఒక ఏడాది ఎర్రగీత పైకి లేచింది. శాఖకి నిద్ర పట్టలేదు. మొదట పచ్చగీతని లావు చేశారు. పై అంచు చూస్తే మనమే పైన ఉన్నట్టు కనిపించేది. అది రెండేళ్ళు పనిచేసింది. ఆ తరవాత ఆధార సంవత్సరం మార్చారు. పోలిక ఏ ఏడాది నుంచి మొదలుపెడతామో దాన్ని ఆధార సంవత్సరం అంటారు. మనకి పెద్ద తుపాను వచ్చి ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోయిన ఏడాదిని ఆధారంగా పెట్టుకున్నాం. అక్కడి నుంచి చూస్తే మనం ఆకాశానికి నిచ్చెన వేసినట్టే ఉంది. వాళ్ళేమన్నా తక్కువ తిన్నారా? వాళ్ళకి కరువొచ్చి గడ్డి కూడా మొలవని ఏడాదిని తీసుకున్నారు. ఎవరి నాశనం గొప్పది అని రెండు దేశాలూ కొన్నాళ్ళు పోటీ పడ్డాయి. చివరికి అందులోనూ వాళ్ళే నెగ్గారు.

ఇక గీతలతో లాభం లేదు, ఆదాయాన్నే పెంచాలని రాజధానిలో తేలింది. లెక్కలోకి రాకుండా దాక్కున్న ఆదాయాన్ని వెతికి పట్టుకోవడానికి కమిషనర్ రుక్మాంగదరావు గారు జిల్లాల మీద పడ్డారు. అలా తిరుగుతూ గోదావరి గట్టున ఉన్న కోటిపూడికి, అంటే మన కూర్మారావు ఊరికి వచ్చారు.

కోటిపూడిలో కమిషనర్లు తినదగ్గ హోటలు లేదు. అందుకని భోజనం కూర్మారావు ఇంట్లోనే ఏర్పాటయింది. ఆయన భార్య భ్రమరాంబ ఆవపెట్టిన పనసపొట్టు కూర చేసింది. పెరటి వసారాలో పీటలు వేశారు. వసారాకి ఎదురుగా గుండెలెత్తు గోడ. గోడకి అవతల వీరవేణి ఇల్లు. వీరవేణికి రెండు గేదెలు, లారీ తోలుతూ నెలకొకసారి ఇంటికొచ్చే మొగుడు, తాయారని ఒక్కతే కూతురు. భ్రమరాంబకి పిల్లలు లేరు. అందుకని తాయారు పాకడం నేర్చింది వీరవేణి ఇంట్లోనైనా, నడక నేర్చింది మాత్రం గోడకి ఇవతల. ఆ పిల్లకి ఇప్పుడు పెళ్ళై, నెలలు నిండుతూ, పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. బారసాల నాడు బిడ్డని ఉయ్యాల్లో వేసేది పెద్దమ్మ భ్రమరాంబే అని వీరవేణి అప్పుడే చెప్పేసింది. అది చెప్పిన దగ్గర్నుంచి భ్రమరాంబ ఉన్న పాతచీరలన్నీ ఉతికి ఆరేసి, బొంతలు కుడుతూ కూచుంది. ఆవిడ బతుకులో ఇంతగా ఎదురుచూసిన రోజు ఇంకోటి లేదు.

కమిషనరు గారు రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగారు. భ్రమరాంబ చేతిలోని గిన్నె ఒకటి గోడ దాటింది.

"కూర్మారావు గారూ, ఇప్పుడు ప్రాకారమును దాటినదేమిటి?"

"గిన్నె సార్."

"గిన్నె అని మాకునూ కనిపించుచున్నది. అందలి పదార్థము?"

"పనసపొట్టు కూర సార్. పక్కింటావిడకి."

"ఎంతకు విక్రయించితిరి?"

కూర్మారావు నవ్వాడు. పక్కన చూస్తే కమిషనరు నవ్వడం లేదు. నవ్వుని మధ్యలోనే మింగి, "ఊరికే సార్. ఇక్కడ ఆచారం. ఏం చేసుకున్నా ఒక గిన్నెడు గోడ మీదుగా ఇచ్చుకుంటారు" అన్నాడు.

అంతలో గిన్నె తిరిగి వచ్చింది. నిండా జున్ను.

"దానిని ఖాళీగా ఏల పంపలేదు?"

"అయ్యో, ఖాళీ గిన్నె పంపకూడదు సార్! మహా తప్పు. ఇంట్లో ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి పంపుతారు."

"అనగా ఈ జున్నుకు బదులుగా మీరు మరల పంపవలెను."

"అది వాళ్ళ గిన్నె అయితే పంపాలి సార్. అసలు ఆ గిన్నె ఎవరిదో ఇద్దరికీ గుర్తు లేదు. ఆవిడేమో ఈవిడదంటుంది, ఈవిడేమో ఆవిడదంటుంది. అందుకని ఇద్దరూ పంపుతూనే ఉంటారు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, కొన్ని నోళ్ళు మంచివైనా ఊరుకుంటేనే ఊరికి మంచిది. కమిషనరు గారు చెయ్యి కడుక్కోకుండానే లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, దాన్ని పైనుంచి కిందిదాకా చూశారు.

"ఆద్యంతములు లేని వినిమయము!" అన్నారు. "ప్రతి పంపకమునకు ఒక ధర కట్టి, ఒక రశీదు ఇచ్చినచో, ఇది ఆదాయము. తిరిగి వచ్చినచో మరల ఆదాయము. ఆచారము ప్రకారము ఇది ఎన్నటికీ ఆగదు. కూర్మారావు గారూ, మీరు దీనిని గిన్నె అనుచున్నారు. ఇది అక్షయపాత్ర. మన దేశమున ఎన్ని గోడలున్నవి?"

ఆ లెక్క కూర్మారావు దగ్గర లేదు. ఉన్నదల్లా ఒక కోరిక. ఇన్నేళ్ళుగా ఆయన కోటిపూడి ఆఫీసుకి ‘ఇన్‌ఛార్జి’ అధికారి. రిటైరయ్యేలోపు తలుపు మీద బోర్డులోంచి ఆ ముక్క తీయించుకోవాలని ఆశ. కమిషనరు కారెక్కుతూ ఆయన భుజం తట్టి, "ఈ పథకమునకు మీరే ఆద్యులు. మీ గోడ ఆదర్శ ప్రాకారము" అన్నారు. కూర్మారావుకి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది.

రశీదు పుస్తకాలు మూడో వారానికే దిగాయి. పథకం పేరు ‘అంతర్గృహ పాత్రా వినిమయ ఉద్యమం’. ఊళ్ళోవాళ్ళు గిన్నెల పథకం అన్నారు. ఉత్తర్వు ప్రకారం గోడ దాటే ప్రతి గిన్నెకీ పంపినవాళ్ళు ధర రాయాలి, పుచ్చుకున్నవాళ్ళు డబ్బివ్వాలి. ఎవరికీ నష్టం లేదు. భ్రమరాంబ కూరకి వీరవేణి వంద ఇస్తుంది, వీరవేణి జున్నుకి భ్రమరాంబ అదే వంద తిరిగి ఇస్తుంది. ఎవరి కొంగు ముడిలోది వాళ్ళ కొంగు ముడిలోనే ఉంటుంది, దేశానికి మాత్రం రెండు వందల ఆదాయం.

"అయితే ఆ నోటు ఎవరిదండక్కగారూ?" అంది వీరవేణి గోడ అవతల నుంచి, మొదటి రోజున.

"ఎవరిదో ఒకరిది లేవే. గిన్నెలోనే పడుండనీ. మాటిమాటికీ తియ్యడం ఎందుకు?" అంది భ్రమరాంబ.

"ఆయ్! నోటుకి నూనంటుకుంటాదండి. కింద తమలపాకు ఏత్తాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. మొదట్లో అంతా నవ్వులాటగానే ఉంది. గోడ ఎత్తుగా ఉన్న ఇళ్ళకి కిటికీ కొట్టించారు. అసలు గోడే లేకుండా కలిసిమెలిసి ఉన్న ఇళ్ళకి మధ్యలో గోడ కట్టుకోమని అప్పులిచ్చారు. గోడ లేకపోతే దాటడం ఎలా? వీధి చివర ఒంటరిగా ఉన్న ఇళ్ళకి ఊరి ఆ చివర నుంచి పొరుగువాళ్ళని కేటాయించారు. వాళ్ళు పులుసు గిన్నె సైకిలుకి తగిలించుకుని పోతుంటే దారిపొడుగునా చారలు పడేవి.

పచ్చగీత లేచింది. కూర్మారావు బోర్డు మీద ‘ఇన్‌ఛార్జి’ అనే ముక్కని రంగులవాడు వచ్చి కొలత వేసుకుపోయాడు. అంతలో అవతలి దేశం కూడా గిన్నెలు మొదలుపెట్టిందని కబురొచ్చింది. వాళ్ళు గోడ మీద చక్రాలు బిగించి, గిన్నె ఇట్టే దొర్లిపోయేలా చేశారట. ఎర్రగీత కూడా లేచింది.

రుక్మాంగదరావు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి భోజనం వద్దన్నారు. ఆదర్శ ప్రాకారం దగ్గర కుర్చీ వేయించుకుని పొద్దున్నుంచి కూచున్నారు.

"కూర్మారావు గారూ, ఉదయము అటు వెళ్ళిన పాత్ర మధ్యాహ్నము దాటినను ఇటు రాలేదు. ఈ విలంబమునకు హేతువేమి?"

కూర్మారావు గోడ మీదుగా తొంగిచూశాడు. "భోంచేస్తున్నారు సార్."

"ఎవరు?"

"వీరవేణీ, వాళ్ళమ్మాయీ."

"ఏమి భోంచేయుచున్నారు?"

"గిన్నెలోదే సార్. మా ఇంటి దప్పళం."

కమిషనరు ముఖం నల్లబడింది. "గ్రహించితిని. తినుట వలన పదార్థము నశించుచున్నది. మరల వండవలెను. అందుకు జాము పట్టుచున్నది. ఆ జాములో పోలిక దేశపు గిన్నె ఎన్ని మారులు దాటునో ఊహించితిరా? వినిమయమునకు పరమ శత్రువు భోజనము."

వారం తిరక్కుండా సవరణ ఉత్తర్వు వచ్చింది. ‘వండిన సమస్తమును ప్రథమమున గోడ దాటవలెను. దాటిన పదార్థమును త్రైమాసికాంతము వరకు భుజింపరాదు. అదే పదార్థమును మరల మరల దాటించుట శ్రేయస్కరము.’ పాడవని వస్తువులు వాడాలని చిన్న అక్షరాల్లో ఒక సూచన. దబ్బకాయ ఊరగాయ, కందిపొడి, సున్నుండలు వగైరా.

ఇక చూడండి కోటిపూడి! పొద్దున్నే ఊరంతా తిరగమోత ఘుమఘుమలు. వండినదంతా గోడ దాటి, వెనక్కి వచ్చి, మళ్ళీ దాటి, సాయంకాలానికి గేదెల కుడితిలోకి పోయేది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఇంటినిండా వంట, మనిషి నోట్లో మరమరాలు. మరమరాలకి ఉత్తర్వులో పేరు లేదు, అందుకని వాటితో ఊరు బతికింది. "కమిషనరు పేరుకి తగ్గ మనిషే, పురాణంలో రుక్మాంగదుడిలాగే ఊరందరి చేతా ఏకాదశి చేయిస్తన్నాడు" అని కిళ్ళీ కొట్టు దగ్గర అనుకునేవాళ్ళు. తలసరి ఆదాయంలో జిల్లా మొదటి స్థానానికి వచ్చిందని పేపర్లో పడినరోజు కూర్మారావు పంట్లాం జారిపోకుండా బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం పొడుచుకున్నాడు.

తిండి పోతే పోయింది, ఇంకోటి కూడా పోతోందని ఆయనకి కాస్త ఆలస్యంగా తెలిసింది. డబ్బిచ్చి కొన్నదాంట్లో ఉప్పు తక్కువైతే మాట పుట్టుకొస్తుంది. ఇదివరకు వీరవేణి, "అక్కగారూ, ఉప్పెయ్యడం మర్సిపోయారా, బావగారి మీద కోపవొచ్చిందా?" అని నవ్వేది. ఇప్పుడు రశీదు మీద ‘నాణ్యత’ అని ఒక గడి ఉంది. అది ఖాళీగా వదిలితే ఆఫీసు ఒప్పుకోదు, అందుకని నాలిక్కి రాసుకుని చూడ్డం వరకు మాత్రం అనుమతి. వీరవేణి తనకి వచ్చీరాని రాతలో ‘ఉప్పు సాల్లేదు’ అని రాసింది. అది చదివి భ్రమరాంబ ఒక పూట మాట్లాడలేదు. మర్నాడు ఆవిడ వీరవేణి జున్ను మీద ‘మిరియం ఘాటు ఎక్కువ’ అని రాసింది. వీరవేణి రెండు పూటలు మాట్లాడలేదు. గిన్నె మాత్రం ఠంచనుగా తిరుగుతూనే ఉంది.

అలాంటి రోజుల్లో తాయారు ప్రసవించింది. ఆడపిల్ల.

కేక వినగానే భ్రమరాంబ పాత అలకలన్నీ మరిచి కాయం చెయ్యడానికి కూచుంది. బాలింతకి కాయం పెట్టడం అందరికీ రాదు. శొంఠి, పిప్పళ్ళు, మోడి, వాము, బెల్లం, నెయ్యి, ఏది ఎంత వేయించాలో, ఏది ఎప్పుడు దించాలో చేతికే తెలియాలి. ఊరగాయ సంగతి వేరు, ఇది పంపింది పంపినట్టు తిరగడానికి కాదు, తాయారు తినడానికి. ఉత్తర్వు సంగతి ఆవిడకి గుర్తే లేదు. గిన్నె నిండా పెట్టి, పైన శుభ్రమైన గుడ్డ కట్టి, వసారా గట్టు మీద ఉంచి, చెయ్యి కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే కూర్మారావు వసారాలోకి వచ్చాడు. మర్నాడు ఆదర్శ ప్రాకారానికి తనిఖీ. రశీదు లేకుండా గిన్నె దాటితే కొంప మునుగుతుంది. బోర్డు మీద ముక్క ఇంకా పోలేదు. ఆయన రశీదు తీసి రాశాడు. ‘వైద్య విలువ కల పదార్థము’ అని ధరల పట్టికలో ఒక తరగతి ఉంది, అన్నిటికంటే ఎక్కువ రేటు. ఆ రేటు వేసి, గుడ్డ ముడిలో దోపాడు. నిజానికి వేస్తున్నప్పుడు ఆయన మనసు ఒకసారి పీకింది. పీకిన మనసుని ఆఫీసర్లు ఎలా సముదాయిస్తారో అలాగే సముదాయించాడు. ఇది నా ఇష్టమా, ఉత్తర్వు కదా అనుకున్నాడు.

గిన్నె సాయంత్రానికి తిరిగి వచ్చింది. గోడ మీద బోర్లించి ఉంది. తోమి, తుడిచి, తళతళా మెరుస్తోంది. పక్కన మడత పెట్టిన నోట్లు, మీద బరువుకి చిన్న రాయి. భ్రమరాంబ గిన్నె తిప్పి చూసింది. లోపల పంచదార పలుకు కూడా లేదు.

"ఏమండీ, ఖాళీగా పంపింది" అంది. గిన్నె ఒళ్ళో పెట్టుకుని వసారాలో కూలబడింది. తల్లి పోయిందని కబురొచ్చిన రోజున కూడా కూర్మారావు ఆవిడని అలా చూడలేదు. నోరు తెరిచి నిజం చెబుదామనుకున్నాడు. తెరిచాడు కూడా. అప్పుడే ఆఫీసు ఫోను మోగింది.

ఆ తరవాత గోడ మీదుగా లావాదేవీలు మహా చురుగ్గా సాగాయి. మాటలు లేవు కనక ఆలస్యం లేదు. తనిఖీకి వచ్చినవాళ్ళు, ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదని రాసుకుపోయారు.

బారసాల దగ్గరపడింది. వీరవేణి కుంకుమ భరిణె పట్టుకుని వీధిలో ఆ చివర నుంచి ఈ చివరదాకా బొట్టు పెట్టి పిలుచుకుంటూ వచ్చింది. భ్రమరాంబ తల దువ్వుకుని, కొత్తచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. వీరవేణి ఆ గుమ్మం దాటి పక్కింటికి వెళ్ళింది. భ్రమరాంబ కుట్టిన బొంతలన్నీ పెట్టెలో పెట్టి మూత వేసేసింది.

బారసాల రోజే ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు. ఆ రెండూ ఒకే రోజు రావాలని శాఖ నిర్ణయించలేదు, తాయారు బిడ్డ నిర్ణయించింది. పొద్దున్నే ఆదర్శ ప్రాకారం దగ్గర షామియానా లేచింది, మైకు వచ్చింది, పటం ఊడదీసి తెచ్చి కూర్మారావు పెరట్లో నిలబెట్టారు. రుక్మాంగదరావు గారు పట్టు పంచె కట్టుకుని వచ్చారు. గోడకి ఇవతల షామియానా, అవతల మామిడి తోరణాలు.

"ప్రజలారా!" అన్నారు కమిషనరు మైకులో. "ఈ ఘడియకు రెండు గీతలును సమానముగా నున్నవి. మధ్యాహ్నము పన్నెండు గంటలకు లెక్క ముగియును. మనకును, విజయమునకును నడుమ ఒక్క గిన్నె దూరము. ఆ ఒక్క గిన్నె ఈ ఆదర్శ ప్రాకారము నుండియే దాటవలెనని నిర్ణయించితిమి. అది దాటిన తక్షణమే కూర్మారావు గారి హోదా కూడ దాటును!"

చప్పట్లు మోగాయి. కూర్మారావు నవ్వుతూ దండం పెట్టాడు. కాళ్ళు మాత్రం వణుకుతున్నాయి, మరమరాల మూలంగా కావచ్చు.

వంటింట్లోంచి భ్రమరాంబ వచ్చింది. చేతిలో గిన్నె. నిండా పరమాన్నం, పైన నెయ్యి తేలుతోంది. వీడియో తీసేవాడు గోడ మీదికి గురిపెట్టాడు. భ్రమరాంబ గోడ వైపు చూడనైనా లేదు. షామియానా పక్కనుంచి, కుర్చీల మధ్యనుంచి, గేటు తీసుకుని వీధిలోకి నడిచింది.

"ఇదేమి? ఎచ్చటికి?" అన్నారు కమిషనరు.

"బారసాలకి" అంది భ్రమరాంబ, ఆగకుండానే.

"పిలిచారా?" అని ఎవరో ముత్తయిదువ అడిగింది.

"లేదు. పిలవని పేరంటానికే వెడుతున్నాను. ఏం, సిగ్గు నాదేగా!"

కమిషనరు క్షణం ఆలోచించి మైకు మూసి, "గోడ దాటినను, గుమ్మము దాటినను ఒక్కటే. రశీదు ముఖ్యము. కూర్మారావు గారూ, పరుగెత్తుడు!" అన్నారు. రశీదు పుస్తకం పట్టుకుని కూర్మారావు భార్య వెనకాల పరుగెత్తాడు.

లోపల ఉయ్యాల కట్టి ఉంది. ఉయ్యాల పక్కన వీరవేణి, బిడ్డని ఎత్తుకుని తాయారు, చుట్టూ పేరంటాళ్ళు. భ్రమరాంబని చూసి అందరూ పక్కకి జరిగి దారిచ్చారు.

భ్రమరాంబ గిన్నె నేల మీద పెట్టింది. "ఖాళీ గిన్నె పంపావు కదే వీరవేణీ" అంది. అంతవరకూ ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది. "ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా అలా పంపామా మనం? చెంచాడు పంచదార లేకపోయిందా నీ ఇంట్లో?"

"పంచదార ఉందండి!" అంది వీరవేణి. "నా కూతురి కాయానికి రశీదు పంపితే పంచదార ఎట్టా ఎయ్యమంటారక్కగారూ? ఆ పిల్ల మీ ఒళ్ళో పెరిగింది కదండీ. సంతలో మందుల కొట్టోడు కూడా అంత రేటు సెప్పడు. పైసలు తక్కువైతే గేదెని అమ్మి కట్టేద్దును. అది కాదండి నా బాధ."

"రశీదేవిటే?"

"సూడండి, తెలీనట్టు అడుగుతున్నారు. గుడ్డ ముడిలో పెట్టారు కదండీ, వైద్య ఇలువో ఏదో రాసి."

భ్రమరాంబ మెల్లిగా వెనక్కి తిరిగింది. కూర్మారావు గుమ్మంలో రశీదు పుస్తకంతో నిలబడి ఉన్నాడు. పేరంటాళ్ళందరి కళ్ళూ ఆ పుస్తకం మీదే.

"నేనేనమ్మా రాశాను" అన్నాడు కూర్మారావు వీరవేణితో. "మీ అక్కగారికి తెలీదు. ఆవిడ గుడ్డ కట్టి నూతి దగ్గరికి వెళ్ళింది. నేను దోపాను. మర్నాడు తనిఖీ ఉందని. ఆ రోజే చెప్పాల్సింది, నోరు రాలేదు."

"మీరా బావగారూ?"

"నేనే."

వీరవేణి ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది. చొక్కా భుజాల మీంచి జారుతోంది, బుగ్గలు లోపలికి పోయాయి. ఆవిడ ముక్కు చీదుకుని, "ఏంటండీ ఆ అవతారం? తిండి లేక బుర్ర పన్జెయ్యడం మానేసినట్టుంది మీకు. ఇలా కూకోండి. తాయారూ, మీ పెద్దనాన్నకి ఆకెయ్యమ్మా. ముందు ఆ పరమాన్నం వడ్డించండి, తరవాత తిడతాను" అంది.

"పెద్దమ్మా, నువ్వు ఇటు రా" అంది తాయారు. బిడ్డని తెచ్చి భ్రమరాంబ ఒళ్ళో పెట్టింది. బిడ్డ ఆవిడ చూపుడువేలు పట్టుకుంది. పేరంటాళ్ళలో ఎవరో ఉయ్యాలపాట అందుకున్నారు. భ్రమరాంబ ఏడుస్తూనే బిడ్డని ఉయ్యాల్లో వేసింది.

బయట మైకు గర్జించింది. "పాత్ర తిరిగి రావలెను! పదార్థమును భుజింపరాదు! పన్నెండు కావచ్చుచున్నది! కూర్మారావు గారూ, రశీదు ఎచ్చట?"

రశీదు పుస్తకం కూర్మారావు పీట కింద ఉంది. పీట ఎత్తుపల్లంగా ఉంటే సర్దుకుపోవడానికి పెట్టుకున్నాడు. ఆకులో వేడి పరమాన్నం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆయనకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. జీడిపప్పు పంటి కింద పడింది. ఎన్నాళ్ళయిందో! మైకు మళ్ళీ ఆయన పేరు పిలిచింది. నోటి నిండా అన్నం ఉన్నవాడు ఏమని పలుకుతాడు? ఇంకో గరిటె వెయ్యమని చేత్తో సైగ చేశాడు. పేరంటాళ్ళు కూడా తిన్నారు. వీడియో తీసేవాడు గోడ దూకి వచ్చి తిన్నాడు. పరమాన్నం అయిపోతే వీరవేణి పులిహోర తెచ్చింది. పన్నెండు ఎప్పుడు కొట్టిందో ఎవరూ వినలేదు.

ఎర్రగీత ఒక గిన్నెడు మేర పైన ఉండగా లెక్క ముగిసింది.

రాజధానిలో విచారణ జరిగింది. నెల తిరిగేసరికి నివేదిక వచ్చింది. కూర్మారావు దాన్ని ఇంటికి తెచ్చి, వసారాలో కూచుని పైకి చదివాడు. ‘ఇయ్యేడు మన స్థూల జాతీయాదాయము పోలిక దేశముకన్న తక్కువ నమోదగుటకు కారణములను లోతుగా పరిశీలించడమైనది. వర్షాభావము లేదు. యుద్ధము లేదు. పరిశ్రమల మూత లేదు. కోటిపూడి గ్రామమునందు కొందరు భోజనము చేయుటయే ఏకైక కారణమని తేలినది. సదరు దినమున పోలిక దేశమునందు ఎవ్వరును భోజనము చేయలేదని విశ్వసనీయముగా తెలియుచున్నది. భోజనము చేసినవారి పేర్లను ఇన్‌ఛార్జి అధికారి వెంటనే పంపవలెను.’

‘ఇన్‌ఛార్జి’ అన్నచోట ఆయన గొంతు కొంచెం తగ్గింది.

భ్రమరాంబ గోడ దగ్గర నిలబడి ఉంది. గోడ మీద బొంత వేసి వీరవేణి మనవరాలిని పడుకోబెట్టి ఇటు నుంచి ఈవిడా, అటు నుంచి ఆవిడా పట్టుకుని ఉన్నారు. బిడ్డ బోసినోటితో నవ్వుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"పేర్లు పంపమన్నారే, ఏం చెయ్యను?" అన్నాడు కూర్మారావు.

"పంపండి. మొదటి పేరు నాదే రాయండి" అంది భ్రమరాంబ. "పెళ్ళైన దగ్గర్నుంచి వండుతున్నాను. మీ దేశం లెక్కల్లో నా పేరు రావడం ఇదే మొదలు."